రాకూడని రోజు రానన్న మాట

పోయిన నెల మా చింతామణి సంఘంలో స్త్రీల కూడిక జరిగింది. మా పాస్టరుగారు చిన్నవాడు, మంచివాడు, నా మనవడి వయసు ఉంటుందేమో. ఆయనకు ఏమి తోచిందో ఏమో, వయసు మళ్ళిన వాళ్ళమంతా ఒక్కొక్కరం లేచి, క్రైస్తవులుగా పరువుగా, నిజాయితీగా బతకడమంటే ఏమిటో మా అనుభవంలోంచి నాలుగు మాటలు చెప్పాలన్నాడు. జీవితమంతా బడిలో పిల్లల ముందు గొంతు చించుకున్నదాన్ని, తీరా మైకు చేతికిచ్చేసరికి నాకు నోరు పెగలలేదు. అబద్ధమాడకూడదు, ఒకరి సొత్తుకు ఆశపడకూడదు అని ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. అందరూ మర్యాదకు తలలూపారు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుండగా, చెప్పవలసింది అది కాదు కదా, మా అమ్మ సంగతి కదా అనిపించింది. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నా ఈడు వాళ్ళు ఎవరైనా చదివితే నాకు అదే పదివేలు.

మాది సాదలి దగ్గర ఒక పల్లె. యాభైల చివరా అరవైల మొదలూ అనుకోండి. మా నాన్న ఉపదేశి, పాస్టరు లేని పల్లెల్లో ప్రార్థన నడిపేవాడు. చిక్కబళ్ళాపురం వైపునుంచి ఆ పల్లెకు ఆయన్ని పంపించారు. నాలుగు మట్టి గోడల మీద పెంకులు కప్పిన చిన్న ప్రార్థన గుడి, దాని చుట్టూ వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్ని కుటుంబాలు, అంతే ఆయన సంఘం. నేను ఇంకా చిన్నబడిలో ఉండగానే విషజ్వరం వచ్చి ఆయన పోయాడు. బంధువుల దగ్గరికి వెళ్ళిపొమ్మని పెద్దలు చెప్పినా మా అమ్మ వినలేదు. ఆయన్ని మట్టిలో పెట్టిన ఊరు వదిలి ఎక్కడికి పోతానని ఆమె మొండిపట్టు. మొండితనంలో నేను ఆమెను పోలానని మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ అంటుంటారు. పోలకపోతే ఈపాటికి బాగుపడి ఉండేదాన్నని కూడా అంటారు.

ఆ రోజుల్లో మమ్మల్ని ఎక్కడ నిలబెట్టాలో ఊళ్ళో ఎవరికీ సరిగా తెలిసేది కాదు. మీరు ఏమిటోళ్ళని అడిగేవారు. క్రైస్తవులమని చెబితే సరిపోయేది కాదు, అది కాదమ్మా, అంతకు ముందు ఏమిటని మళ్ళీ అడిగేవారు. దాహమంటే నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవారు. అట్లాగని ఎవరూ మమ్మల్ని తిట్టిపోసిందీ లేదు. కాకపోతే మా పిల్లల్లో ఎవడైనా ఒకడు చింతకాయలు రాల్చుకుంటే వాడి పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, కిరస్తానపోళ్ళు రాల్చినారు అనేవారు. అందుకే మా అమ్మ అనేది, మనం తప్పు చేస్తే చెడేది మన పేరు కాదు, మనం ఎవరి పేరు పెట్టుకున్నామో ఆయన పేరు అని. ఆ మాట వినీ వినీ నాకు చిన్నప్పుడు ఒళ్ళు మండేది. చింతకాయలు కూడా దేవుడి లెక్కలోకే పోతే ఇంక మేము బతికేదెట్లా అని.

ఆ ఊళ్ళో పెద్ద రైతు కుటుంబంలో పెత్తనమంతా ఒక అవ్వది. భర్త లేడు, కొడుకు సేద్యం చూసుకునేవాడు, పట్టుపురుగుల పని మాత్రం అవ్వ ఎవరికీ వదిలేది కాదు. పట్టుపురుగులకు ఆకు పెంచే వాళ్ళ రేష్మె తోట గట్టున, వాళ్ళ నేలలోనే మాకు ఒక గుడిసె వేసుకోనిచ్చింది. మా అమ్మను పురుగుల ఇంట్లో పనికి పెట్టుకుంది. పంట దిగితే అందులో మాకూ ఒక వంతు. నేను చింతామణిలో మా మేనత్త ఇంట్లో ఉండి హైస్కూలు చదివింది ఆ వంతు మీదే.

పురుగుల ఇల్లంటే తెలియని వాళ్ళకు కాస్త చెప్పాలి. వాళ్ళ పెద్ద ఇంటికి వెనకగా, విడిగా, బోదగడ్డి కప్పిన పొడుగాటి ఇల్లు అది. లోపల గోడల వెంట వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి. వాటిలో పురుగులు. ఆకు తింటూ తింటూ ఉన్నట్టుండి తిండి మాని, తల పైకెత్తి కదలక ఉండిపోతాయి, దాన్ని జ్వరం వచ్చిందనేవారు. జ్వరం దిగితే పాత చర్మం వదిలి మళ్ళీ తింటాయి. అట్లా నాలుగు జ్వరాలు దాటిన తర్వాత ఇక వాటి ఆకలికి అంతు ఉండదు. ఎంత ఆకు వేసినా చాలదు, రాత్రీ పగలూ లేదు. ఆ కొద్ది రోజులూ గడిస్తే చంద్రికలనే వెదురు చాపల మీదికెక్కి గూళ్ళు కట్టుకుంటాయి, ఇంటికి పండగ. ఆ రోజుల్లోనే ఏదైనా తగిలితే అంతవరకూ పడ్డ కష్టమంతా మట్టిపాలు. అందుకని ఆ ఇంటికి ఉన్నన్ని పట్టింపులు దేవుడి గుడికి కూడా ఉండేవి కావు. చెప్పులతో రాకూడదు, కాళ్ళు కడుక్కోకుండా రాకూడదు, పొగాకు నమిలిన నోటితో రాకూడదు, కొత్తవాళ్ళ కళ్ళు పడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, నెలసరి వచ్చి బయట ఉన్న ఆడవాళ్ళు ఆ గడప తొక్కకూడదు. తొక్కితే పురుగు చచ్చిపోతుందని ఊరంతటికీ గట్టి నమ్మకం.

మా ఇళ్ళలో ఆ పట్టింపు లేదు. ఆ రోజుల్లోనూ మా ఆడవాళ్ళు పొయ్యి వెలిగించేవారు, గుడికి వచ్చేవారు, పాట పాడేవారు. ఆ సంగతి ఊరికి తెలుసు. అందుకే మా అమ్మను పనిలో పెట్టుకుంటానని అవ్వ అన్నప్పుడు ఆమె మరిది అడ్డం పడ్డాడట, వీళ్ళకు మైల లేదు శుద్ధి లేదు, పురుగుల ఇంట్లోకి ఎట్ల రానిస్తావని. అవ్వ అదే మాట మా అమ్మను నేరుగా అడిగింది. మా అమ్మ చెప్పింది, మాకు ఆ పట్టింపు లేదమ్మా, ఉందని నీకు అబద్ధం చెప్పను, కానీ ఇది నీ ఇల్లు, నీ ఇంట్లోకి నీ పద్ధతిలోనే వస్తాను, రాకూడని రోజు రాను అని. అంతే, ఆ ఒక్క మాట మీద పనిలో చేరింది. ఆ తర్వాత ప్రతి నెలా చెప్పిన ప్రకారం ఆ కొద్ది రోజులూ ఇంట్లోనే ఉండిపోయేది. ఆదివారం ప్రార్థన సంగతి కూడా అట్లాగే ముందే మాట్లాడుకున్నారు. పొద్దున్నే ఆకు వేసి, గంట మోగగానే చేతులు కడుక్కుని గుడికి వచ్చేది, ప్రార్థన ముగిసీ ముగియకముందే మళ్ళీ పరుగు. పక్కన కూర్చుంటే ఆమె చీరంతా పచ్చి ఆకు వాసన. పురుగులకు ఆదివారమని తెలియదు కదా, దేవుడికి తెలుసులే అనేది.

నేను హైస్కూలు చివరి తరగతిలో ఉండగా దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. ముసురు పట్టి ఎండ అన్నది లేదు. నాలుగో జ్వరం దిగి పురుగులు ఆకలి మీద ఉన్నాయి. ఇంకొక పనిమనిషి బాగేపల్లి వైపు ఎవరో చుట్టం పోయారని వెళ్ళిపోయింది. అవ్వకు మోకాళ్ళ నొప్పి, నిలబడితే కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. ఆమె కొడుకు రాగి చేల దగ్గర. మిగిలింది మా అమ్మ, కొత్తగా కాపురానికి వచ్చిన ఆ ఇంటి కోడలు. సరిగ్గా అప్పుడే మా అమ్మకు బయట ఉండవలసిన రోజు వచ్చింది.

నేను ఊరుకోలేదు. చదువుకుంటున్న పిల్లను, తర్కం బాగా వచ్చు. మనకు ఆ పట్టింపు లేనే లేదు, లేని దానికి భయపడటమెందుకు, నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది, ఈ పంట పోతే నా పరీక్ష ఫీజు ఎక్కడినుంచి వస్తుంది, ఇది అబద్ధం కూడా కాదు కదా, వాళ్ళ మూఢనమ్మకం వాళ్ళది అని ఒకటే వాదించాను. మా అమ్మ గోడకు ఆనుకుని అంతా విన్నది. నమ్మకం వాళ్ళదే, మాట మాత్రం నాది కదా అని లేచింది. వానలో తడుస్తూ వాళ్ళ పెరటి కంచె దగ్గర నిలబడి అవ్వను పిలిచి చెప్పింది. నేనూ వెంట వెళ్ళాను. అవ్వ ముఖం చూడాలి. నెత్తిన చేతులు పెట్టుకుంది. చివరకు, నీ బిడ్డనన్నా పంపియ్యమ్మా, ఆకు తరుగుతాది అన్నది.

అట్లా నేను ఆ పురుగుల ఇంట్లోకి వెళ్ళాను. ఆకు కోసుకురావడం, తరగడం, తట్టలు దించడం, వేయడం, ఎత్తడం, నాకూ కోడలికీ వీపులు విరిగిపోయాయి. వానకు ఆకంతా తడి. తడి ఆకు వేయకూడదు, ఆరబెట్టి వేయాలి. ఆరబెట్టడానికి మనిషీ లేదు, ఎండా లేదు, పురుగులు ఆగవు. గుడ్డలతో తుడిచినంత తుడిచి వేసేవాళ్ళం, ఒక్కోసారి తుడవకుండానే వేసేవాళ్ళం. ఆ కోడలు నాకంటే ఏ రెండేళ్ళో పెద్దది, అంతే. నోట్లో నాలుక లేని పిల్ల. కిందటేడు కడుపు పోయినప్పటినుంచి ఆ ఇంట్లో ఏ చెడు జరిగినా అది ఆమె కాలి మహిమే అని మరిది కుటుంబం గుసగుసలు పోయేది.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు ఆ పిల్ల మా గుడిసె వెనక తలుపు దగ్గరికి వచ్చి ఏడ్చింది. పొద్దున్నే తనకూ నెల వచ్చిందట. అత్త ఒక్కతే అయిపోతుందన్న భయం, చెబితే ఏమంటారోనన్న భయం, రెండూ కలిసి నోరు కట్టేశాయి. చెప్పకుండా దినమంతా లోపలే పనిచేసింది. మా అమ్మ ఆ పిల్ల తల నిమిరింది. పురుగులకు దానివల్ల ఏమీ కాదులే, భయపడొద్దు, కానీ పోయి మీ అత్తకు నీ నోటితో చెప్పు అన్నది. నా వల్ల కాదమ్మా, నన్ను పుట్టింటికి తోలేస్తారు అని ఆ పిల్ల మా అమ్మ చేతులు పట్టుకుంది. మా అమ్మ అన్నది, నేను ఎవరికీ చెప్పను, కానీ నన్ను అబద్ధం మాత్రం చెప్పమనొద్దు అని. నేను లోపల కూర్చుని అంతా విన్నాను.

పురుగులు చంద్రికలకు ఎక్కే లోపలే సున్నకట్టు తగిలింది. అది తగిలిన పురుగు తెల్లగా, సుద్దముక్క మాదిరి గట్టిపడి చచ్చిపోతుంది. ఒక తట్టలో కనిపించింది, తెల్లవారేసరికి ఇల్లంతా. ముసురుకూ తడి ఆకుకూ వచ్చే తెగులే అది, ఇప్పుడు ఎవరినడిగినా చెబుతారు. అప్పుడు మాత్రం అందరికీ తోచింది ఒకటే, ఎవరో రాకూడని మనిషి లోపలికి వచ్చింది. ఎవరని అడిగే పని కూడా ఊరికి లేకపోయింది, ఆ మైల లేని కిరస్తానామె తప్ప ఇంకెవరు? తట్టలకు తట్టలు గుంటలో వేసి తగలబెడుతుంటే ఆ పొగ మా గుడిసె మీదికి వచ్చింది. ఆ సాయంత్రం మమ్మల్ని పిలిచారు.

అవ్వ అరుగు మీద కూర్చుంది. మరిది, వాళ్ళ వాళ్ళు నలుగురైదుగురు చుట్టూ నిలబడ్డారు. కోడలు తలుపు చాటున ఉంది, చీర చెంగు మాత్రం కనబడుతోంది. మరిది ముందే తీర్పు చెప్పేశాడు, వీళ్ళను ఈ పొద్దే గుడిసె ఖాళీ చేయించల్ల అని. ఆ గుడిసె పోతే మాకు ఊళ్ళో నిలువ నీడ లేదు, నా చదువు లేదు, ఇవన్నీ ఒక ఎత్తు, మా నాన్న గుడి కట్టిన ఊళ్ళో మా అమ్మ అబద్ధాలకోరుగా మిగిలిపోతుందన్నది ఒక ఎత్తు.

అవ్వ మరిదిని చేత్తో ఆపి మా అమ్మను అడిగింది. “నువ్వు లోపలికి వచ్చినావా అమ్మా?”

“లేదమ్మా, నేను రాలేదు.”

“మరి ఇంకెవురన్నా వచ్చినారా? నీకేమన్నా తెలిసుండాదా?”

ఒక్క మాట చాలు. ఆ మాట నిజం కూడా. దాన్ని చెబితే మా గుడిసె మాకు, మా పరువు మాకు. తలుపు చాటున చీర చెంగు కదలడం ఆగిపోయింది. మా అమ్మ అవ్వ ముఖంలోకి చూసి అన్నది, “నా సంగతి ఏమడిగినా చెప్తానమ్మా. ఇంకొకరి సంగతి నన్ను అడగొద్దు.”

మరిది ఎగిరిపడ్డాడు. “చూడండప్పా, ఏదో దాస్తాండాది! తప్పు చేసినోళ్ళు కాకపోతే ఏంటికి దాస్తారు?”

అవ్వ చూపు మా అమ్మ ముఖం మీదే ఉంది. తలుపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తు. తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మూలుగుతూ లేచి నిలబడింది. “ఆమె వచ్చిండదు. వచ్చింటే చెప్పింటాది. ఇంక పొండప్పా, అందురూ ఇండ్లకు పొండి.”

అంతే. మరిది కూడా తువ్వాలు దులుపుకుని కదిలాడు. మేము గుడిసెకు వచ్చాం. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని అగ్గిపెట్టె నా చేతికిచ్చింది, నేనే వెలిగించాను. ఊరుకోలేక అడిగాను, తెలిసీ చెప్పకపోవడం అబద్ధం కాదా అని. నాది నేను చెప్పినాను, ఆ పిల్లది ఆ పిల్లే చెప్పుకోవల్ల, చేయని పాపాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టి నేను బయటపడేది యాడి నిజాయితీ అన్నది. నాకు అప్పుడు అది పూర్తిగా తలకెక్కలేదు. పంట పోయినందుకు కోపం, మా అమ్మ మీద గర్వం, రెండూ కలగాపులగమై ఆ రోజు నేను అన్నం తినలేదు. పరీక్ష ఫీజు మా మేనత్త కట్టింది. జీవితాంతం దాన్ని గుర్తు చేస్తూనే ఉండింది, పాపం, ఆమెకు ఆ హక్కు ఉంది.

తర్వాతి పంటకు గుడ్లు తెచ్చినప్పుడు అవ్వ మొదట కబురు పెట్టింది మా అమ్మకే. ఆ చలికాలంలోనే ఒకరోజు కోడలు రాగులు విసురుతూ విసురుతూ అత్త దగ్గర బయటపడిపోయిందట. అవ్వ తిరగలి ఆపకుండానే, నాకు ఆ పొద్దే తెలుసులే అన్నదట. ఎట్లా తెలుసని కోడలు అడిగితే, ఆ తల్లి తన బిడ్డదైతే ముందే చెప్పి ఉండేది, ఇంక చెప్పకుండా ఎవరిని కాపాడుతుంది, మరిదినా అన్నదట. కోడలే వచ్చి ఈ సంగతి మా అమ్మకు చెప్పి, నవ్వి, ఏడ్చి వెళ్ళింది. మా అమ్మా, ఆ పిల్లా ఆ తర్వాత దాన్ని గురించి మాట్లాడుకోగా నేను వినలేదు. నేను చదువు ముగించుకుని బాగేపల్లి వైపు బడిలో మేష్ట్రమ్మగా చేరిన కొన్నాళ్ళకు అవ్వ పోయింది. పెత్తనం చేతికి వచ్చాక ఆ కోడలు పురుగుల ఇంటి దగ్గర ఆడవాళ్ళను నెలసరి సంగతి అడగడమే మానేసింది. ఊళ్ళో వాళ్ళు అడిగితే, పురుగు తడి ఆకుకు చస్తుంది గాని ఆడదాని అడుగుకు చావదులే అనేదట. నోట్లో నాలుక లేని పిల్ల!

మొన్నీమధ్య సాదలి వైపు పెళ్ళికి వెళ్ళి చూశాను. పురుగుల ఇళ్ళన్నీ సిమెంటువి, లోపల వేడి కొలిచే యంత్రాలు, తలుపు మీద కెమెరా. ఆ పాత పట్టింపు పోయింది, పోవలసిందే, అందుకు నాకు ఏ బెంగా లేదు. మాకూ మంచి రోజులు వచ్చాయి. మా గుళ్ళో నేలకు నున్నటి రాయి పరిచారు, ప్రతి ఫ్యాను రెక్క మీదా ఇచ్చినవారి పేరు రాయించారు, ఎవరూ మమ్మల్ని మీరు ఏమిటోళ్ళని అడగడం లేదు, నీళ్ళు పైనుంచి పోయడం లేదు. మేమూ నలుగురిలో నలుగురిమై పోయాం. సంతోషమే. కానీ ఒక్కొక్కప్పుడు, పొద్దుపోని మధ్యాహ్నాలు ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు అనిపిస్తుంది. మా అమ్మకు గుడిసె తప్ప ఏమీ లేదు, అదీ ఒకరి నేలలో. అయినా ఊరంతా ఒక వైపు నిలబడినప్పుడు, మా దేవుణ్ణి నమ్మని ఒక ముసలమ్మ మోకాళ్ళ నొప్పితో లేచి నిలబడి, ఆమె వచ్చిండదు అని చెప్పింది. నాకు ఇల్లుంది, పెన్షనుంది, గుళ్ళో ముందు వరసలో కుర్చీ ఉంది. రేపు నేను లేని చోట నా మీద ఒక నింద పడితే, ఆమె చేసిండదు అని లేచి నిలబడేవాళ్ళు ఈ చింతామణిలో ఎవరున్నారా అని ఒక్కొక్క ముఖమే తలచుకుంటాను. ఇంకా తలచుకుంటూనే ఉన్నాను.